బీసీ-సి సర్టిఫికెట్ కోసం 51 రోజులు: నా అనుభవం

కులగణన కోసం 2024 నవంబరులో మా ఇంటికొచ్చిన ఆమె గవర్నమెంటు స్కూలు టీచరు. చిలకలగూడలో మాది రెండు గదుల ఇల్లు. ఉన్న ఒక్క కుర్చీ ఆమెకు వేసి నాన్న నిలబడే జవాబులు చెప్పారు. కులం ఏంటంటే మాదిగ అన్నారు. మతం ఏంటంటే హిందూ అన్నారు. ఆయన తల వెనకాలే గోడకు చర్చి క్యాలెండర్ వేలాడుతోంది, ‘యెహోవా నా కాపరి’ అని ఎర్రటి పెద్దక్షరాలతో. టీచరమ్మ క్యాలెండర్ వైపు చూసింది, నాన్న వైపు చూసింది, తల వంచి రాసుకుంది. అమ్మ చాయ్ ఇచ్చింది. తాగి, మిగతా ప్రశ్నలు అడిగి వెళ్లిపోయింది.

అప్పుడు నాకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది గానీ, వెయ్యలేదు. మా ఇంట్లో అది ఎప్పటినుంచో ఉన్నదే. క్రైస్తవులమని రాస్తే మేం ఎస్సీ కాదు, బీసీ-సి అవుతాం. చర్చి రిజిస్టర్లో నాకు బైబిల్ పేరు ఉంది. స్కూల్లో వేసేటప్పుడు నాన్న ఇంకో పేరు రాయించారు. రేషన్ కార్డు, టీసీలు, కుల సర్టిఫికెట్లు అన్నీ నాన్న బైబిల్‌కున్న జిప్పు కవర్లో ఉంటాయి, అక్కడైతే పోవని. మేం హిందువులమని చెప్పే కాగితాలు అన్నేళ్లూ బైబిల్ కవర్లోనే భద్రంగా ఉన్నాయన్న సంగతి డిగ్రీ మూడో సంవత్సరం దాకా నాకు తట్టనే లేదు.

ఆ క్రిస్మస్‌కు మెదక్ వెళ్లాం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చికి ఆ రోజుతో సరిగ్గా నూరేళ్లు. ముఖ్యమంత్రి కూడా వచ్చారు, దాంతో మేం లోపలికి చేరేసరికి నాలుగు గంటలు పట్టింది. కరువులో మిషనరీ పాస్నెట్ దొర పని చూపించి తిండి పెట్టాడని, మా నానమ్మ తాత ఆ చర్చికి రాళ్లు మోశాడని చిన్నప్పటినుంచీ వింటున్నదే. నానమ్మ ఒక స్తంభం మీద చెయ్యేసి "ఇది మా తాత మోసిందే" అంది. బయటికొచ్చేటప్పుడు ఇంకో స్తంభం దగ్గర కూడా అదే అంది. తమ్ముడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. బస్సులో తిరిగొస్తుంటే మాత్రం, నూరేళ్ల కింద రాళ్లు మోసినవాడి మనవరాలి కొడుకు కాగితం మీద హిందువు ఎందుకయ్యాడా అని మొదటిసారి ఆలోచన పట్టుకుంది.

2025 మార్చి 5న భస్మ బుధవారం. ఆ వారం నుంచే శనివారాలు సాయంత్రం కన్ఫర్మేషన్ క్లాసులు, అంటే సంఘం ముందు నిలబడి నా విశ్వాసం నేనే ఒప్పుకోడానికి తయారీ. మా సంఘంలో టెన్త్ కాగానే తీసుకుంటారు. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు కరోనా వచ్చింది, తర్వాత నా బద్ధకం వచ్చింది. పదకొండు మంది పిల్లల్లో నేనే పెద్దదాన్ని, అందరూ నన్ను అక్కా అనేవాళ్లు. మూడో క్లాసులో అయ్యగారు, అంటే మా పాస్టరు, మత్తయి సువార్త పదో అధ్యాయం చెప్పారు. మనుషుల ముందు నన్ను ఒప్పుకున్నవాణ్ణి నేనూ నా తండ్రి ముందు ఒప్పుకుంటానని యేసు చెప్పిన మాట. నేను చెయ్యెత్తి అడిగాను, "అయ్యగారూ, ఫారం మీద ఒప్పుకోవడం కూడా లెక్కలోకి వస్తదా?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వచ్చే శనివారం మాట్లాడుకుందాం అన్నారు. వచ్చే శనివారం ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కాలేజీలో ఆ రోజుల్లో అందరి నోటా సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర చెట్లు కొట్టేస్తున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మాటే. జేసీబీలు, రాత్రిపూట నెమళ్ల అరుపుల వీడియోలు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేయమంది. ఆ ఆదివారం, ఏప్రిల్ 6న, నా కన్ఫర్మేషన్. అయ్యగారు విజ్ఞాపన ప్రార్థనలో జింకలను, నెమళ్లను కూడా జ్ఞాపకం చేసుకున్నారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన "మనుషులకే టైం చాల్తలేదు" అని సణిగాడు. నాకైతే ఆ రోజు మొత్తంలో బాగా గుర్తున్నది ఆ నెమళ్ల ప్రార్థనే. 1,150 పెట్టి జనరల్ బజార్లో కొన్న తెల్ల చీర, తల మీద చేతులుంచి చేసిన ప్రార్థన, మొదటిసారి ప్రభు బల్లలో చెయ్యి వేయడం, ఏదో జరుగుతుందని అనుకున్నాను. ద్రాక్షరసం తియ్యగా ఉంది. ఏడుపు రాలేదు. పక్కనున్న పదిహేనేళ్ల పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే నాలో ఏదో లోపం ఉందనిపించింది.

ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి, శ్రమల వారంలో సోమవారం. ఆ రోజు నుంచే రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులు. మాదిగలు రెండో గ్రూపు, ఎస్సీలకున్న 15 శాతం రిజర్వేషన్‌లో ఆ గ్రూపు వాటా 9. బస్తీలో పటాకులు కాల్చారు. నాన్న లడ్డూల డబ్బా తెచ్చారు. ముప్పై ఏళ్ల కొట్లాట అది, ఆయన వయసులో ఉన్నప్పుడు డప్పు పట్టుకుని మీటింగులకు పోయినవాడు. ఆ సంతోషంలోనే అన్నారు, "ఇగ గ్రూపుతో కొత్త సర్టిఫికెట్ తియ్యాలె బిడ్డా. పీజీ అడ్మిషన్ల లోపల తీసి పెట్టుకో."

నేను లడ్డూ నోట్లో పెట్టుకుని తలూపాను. కొత్త సర్టిఫికెట్ అంటే కొత్త అప్లికేషన్. అంటే మతం గడి ఈసారి నా చేత్తో నేనే నింపాలి. ఎనిమిది రోజుల కిందే అంతమంది ముందు నిలబడి ఇంకో జవాబు చెప్పి వచ్చాను.

వారం తర్వాత, ఈస్టర్ మరుసటి రోజు పోప్ ఫ్రాన్సిస్ చనిపోయారు. క్యాథలిక్ స్నేహితురాలు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ మర్నాడే పహల్గాం ఉగ్రదాడి. మతం అడిగి కాల్చారని టీవీలో చెబుతుంటే నాన్న రిమోట్ తీసుకుని ఆపేశారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మా గడికీ ఆ ప్రశ్నకూ పోలిక లేదని నాకు తెలుసు, పోల్చడం తప్పు కూడా. అయినా మతం అన్న మాట వినపడితే చాలు, ఆ వారమంతా కడుపులో తిప్పినట్టుండేది.

ఏప్రిల్ 26 శనివారం, ఇంట్లో స్నేహితురాలి దగ్గరికని చెప్పి, జేబీఎస్‌లో మెదక్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. నాకు బాప్తిస్మం ఇచ్చిన పల్లె మెదక్ నుంచి ఇంకో ఇరవై నిమిషాలు, ఆటోలో. అక్కడి అయ్యగారు బీరువా తీసి రిజిస్టర్ బయటపెట్టారు. చెదలు అంచులు తిన్నాయి గానీ 2005 పేజీ బాగానే ఉంది. నా పేరు, నాన్న పేరు, అమ్మ పేరు, పక్కనే నానమ్మ వేలిముద్ర. పేజీలు వెనక్కి తిప్పితే నాన్న కూడా ఉన్నారు. ఆ పేజీలో ఆయన పేరు దావీదు. మా నాన్నను దావీదని ఎవరూ పిలవగా నేను వినలేదు. సర్టిఫికెట్ రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఫీజేమీ లేదన్నారు, నేను 200 కానుక పెట్టెలో వేశాను. పొద్దున ఏడింటికి బయల్దేరినదాన్ని ఇంటికొచ్చేసరికి ఏడున్నర.

ఆ రాత్రే చెప్పాను, బీసీ-సి కింద తీసుకుంటానని. నాన్న గొంతు పెంచుతారనుకున్నాను, పెంచలేదు.

"అబద్ధం చెప్పిన. నిజమే. ఆ అబద్ధమే నీ ఫీజు కట్టింది."

నేను మాట్లాడలేదు.

"పదిహేను శాతంలకెళ్లి ఒక్క శాతంలకు పోతనంటున్నవ్. పో. రేపు ఎవడన్న కులం పేరు వెట్టి తిడితే ఏ కేసు వెడ్తవ్?"

నానమ్మ మూలన పడుకుని అంతా వింటోంది. ఆ లిస్టులో ఎలా ఉంటుందో ఆమెకు చదివి చెప్పాను: క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారు, వారి సంతతి. "మేమెప్పుడు మారినం బిడ్డా? నేను గుళ్లెనే పుట్టిన" అంది. ఆమెకు గుడి అంటే చర్చే. అంతలోనే మళ్లీ, "గుళ్లె పుట్టినా వాడకట్టు మారలే గదా" అంటూ అటు తిరిగి పడుకుంది.

నాన్న తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. చాయ్ కప్పు నా ముందు పెట్టి వెళ్లిపోయేవారు.

మధ్యలో, మే మొదటి వారంలో, పేపర్లో వార్త. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఒక పాస్టరు కేసు. తనను కులం పేరుతో దూషించారని పెట్టిన ఎస్సీ, ఎస్టీ కేసును కోర్టు కొట్టేసింది. క్రైస్తవంలోకి మారాక ఆ హోదా ఉండదని, సర్టిఫికెట్ రద్దు కాకుండా చేతిలో ఉన్నా ఆ చట్టం కింద రక్షణ రాదని. నాన్న చెప్పిన మాట, నేను చెప్పిన మాట రెండూ ఆ ఒక్క వార్తలోనే ఉన్నాయి. అదే వారం అదే పేపర్లో, కొత్త పోపును ఎన్నుకోడానికి మన హైదరాబాద్ ఆర్చిబిషప్ కార్డినల్ పూల ఆంథోనీ రోమ్‌లో ఉన్నారని ఫొటో. తొలి దళిత కార్డినల్ అని రాశారు. మేం సీఎస్ఐ వాళ్లం, ప్రొటెస్టెంట్లం, పోపుతో మాకు పనిలేదు, అయినా నాన్న ఆ ఫొటో మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచారు. ఒక పేజీలో క్రైస్తవుడు ఎస్సీ కాడు, ఇంకో పేజీలో కార్డినల్ అయినా దళితుడే. 1950 ఉత్తర్వులో హిందువులకే ఉన్న ఎస్సీ హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చింది. అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్న 34 ఏళ్లకు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వొచ్చా అని తేల్చమని 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. నేను ఈ లెక్కలన్నీ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాను, సెమిస్టర్ పరీక్షలకు చదవాల్సిన టైంలో.

మే 6 పొద్దున బూట్లు వేసుకుంటూ నాన్న నా వైపు చూడకుండానే "నా టీసీ కవర్ల ఉంది, జిరాక్స్ తీసుకో" అన్నారు. తండ్రి కులానికి రుజువు కావాలి, అది లేకుండా అప్లికేషన్ ముందుకు పోదు. నేను ఆ విషయం ఆయనతో అనలేదు, ఎవరినో కనుక్కుని ఉంటారు.

మర్నాడు, మే 7, మీసేవకు వెళ్లాను. తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్, సాయంత్రం నాలుగింటికి సిటీలో మాక్ డ్రిల్. నా నంబర్ వచ్చేసరికి సరిగ్గా నాలుగు. సైరన్ మోగింది. ఆపరేటర్ కుర్రాడు కీబోర్డు మీద చేతులు తీసేసి "ఇప్పుడేం చెయ్యాలె, కింద కూసోవాల్నా?" అని అందర్నీ అడిగాడు. ఎవరికీ తెలియదు. రెండు నిమిషాలు అందరం బొమ్మల్లా నిలబడ్డాం. సైరన్ ఆగాక అతను అడిగిన మొదటి ప్రశ్న: "అక్కా, మతం?"

"క్రైస్తవం" అన్నాను. గొంతు పెగలక రెండోసారి చెప్పాల్సి వచ్చింది. కన్ఫర్మేషన్ రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. సైరన్‌కు భయపడ్డాననుకుని వెనకాల ఒకావిడ నీళ్ల బాటిల్ ఇచ్చింది.

ఫీజు 45, స్కానింగ్‌కు 60. రసీదు ఇచ్చాక చదువుకోండి, నా మాట వినండి. నాది చదివితే బీసీ-బి అని పడింది. అక్కడే ఉన్నాను కాబట్టి దిద్దించుకున్నాను. ఇంటికెళ్లాక చూసుకుని ఉంటే మళ్లీ మొదటినుంచి. బయట చెట్టు కింద ఒకతను 3,000 ఇస్తే వారంలో తెప్పిస్తానన్నాడు. ఆఫీసులో మాత్రం ఎవరూ రూపాయి అడగలేదు, అది చెప్పాలి.

రసీదు మీద ముప్పై రోజులని ఉంది. పదహారో రోజు, మే 23న, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ) సార్ ఇంటికొచ్చారు. ముందు ఫోన్ లేదు. అమ్మ మిషన్ మీద ఉంది, నేను తలస్నానం చేసి ఉన్నాను. ఆయన కూడా క్యాలెండర్ చూశారు. పక్కింటి ఆంటీని పిలిచి, వీళ్లు చర్చికి పోతారా అని అడిగారు. "పోకేంది సార్, ప్రతి ఆదివారం. పొద్దుగాల ఈ పిల్ల పాటలకు మాకు నిద్ర ఉండదు" అంది ఆంటీ. నా విశ్వాసానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎవరూ ఇచ్చి ఉండరు. పంచనామా కాగితం మీద ఆమె, కింది షాపు అన్న సంతకాలు పెట్టారు.

తర్వాత ఆర్ఐ సార్ పెన్ను మూత పెట్టి, గుమ్మం దగ్గర బ్యాటు పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి చూపించారు.

"తమ్ముడిది ఏం సర్టిఫికెట్ ఉందమ్మా?"

"ఎస్సీ, సార్."

"నాన్నది?"

"ఎస్సీ."

"ఒక్క రేషన్ కార్డు మీద ఇద్దరు హిందువులు, నువ్వొక్కదానివి క్రిస్టియన్. నాకేం, రాసిస్త. కానీ ఇది నీతోటి ఆగదమ్మా, అది చూస్కో."

ఇది నేను ఆలోచించలేదు. సిగ్గుపడాల్సిన సంగతే, అయినా రాస్తున్నాను. నిజం చెప్పడం గురించి ఆలోచించినన్నాళ్లూ నా ఆత్మ, నా సాక్ష్యం, నా గడి. తమ్ముడు వచ్చే ఏడాది ఎప్‌సెట్ (పాత ఎంసెట్) రాస్తాడన్నది ఆ లెక్కలో లేదు. మూడేళ్లుగా ఎస్సీ కింద వచ్చిన నా ఫీజు రీయింబర్స్‌మెంట్ వెనక్కి కట్టాలా అని కూడా అప్పుడే భయం పట్టుకుంది. అడిగితే ఆర్ఐ సార్ "అది మా టేబుల్ కాదు" అని బండి స్టార్ట్ చేశారు.

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఈసారి కళ్లజోడు తియ్యలేదు. "అమ్మా, సంఘంలో నూటయాభై కుటుంబాలున్నయ్. ఈ మాట నేను పుల్పిట్ మీద మాట్లాడితే ఆ పిల్లల హాస్టల్ సీట్లు ఎవరిస్తరు? మాట్లాడకపోతే నన్ను ప్రభువు ఏమడుగుతడు? రెండిటికీ నా దగ్గర జవాబు లేదు" అన్నారు. ప్రార్థన చేద్దామన్నారు. చేశారు. జవాబు లేదని ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. కోపం కూడా పూర్తిగా పోలేదు.

జూన్ 9న మెసేజ్, అప్లికేషన్ రిజెక్ట్. బాప్తిస్మం సర్టిఫికెట్ మీద ఒక పేరు, టెన్త్ మెమో మీద ఇంకో పేరు. ముప్పై మూడు రోజులు గడిచాక చెప్పారు. ఆ రోజు నిజంగా వదిలేద్దామనుకున్నాను, దేవుడే ఆపుతున్నాడని కూడా నాకు నేను చెప్పుకున్నాను. దేవుడి పేరు మీద ఎంత సులువుగా తప్పించుకోవచ్చో తెలిసింది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించమని ఆఫీసులో క్లర్కు మేడమ్ చెప్పింది. ముందే తెలిస్తే మే నెలలోనే చేయించేదాన్ని. రెండు పేర్లున్న క్రైస్తవ పిల్లలు ఎవరైనా సరే ఇది మొదటి రోజే చేయించుకోండి. నోటరీకి 300, మళ్లీ 45. జూన్ 11న రెండో అప్లికేషన్. ఈసారి ఇంటికి ఎవరూ రాలేదు, పాత రిపోర్టే పెట్టారు.

జూన్ 27న వచ్చింది. మొదటి అప్లికేషన్ నుంచి 51 రోజులు. కానుక, జిరాక్స్, ఫొటోలు అన్నీ కలిపి 830 రూపాయలు, ఆటోలు కాక. మీసేవలో ప్రింట్ తీసి చేతికిచ్చినప్పుడు వేడిగా ఉంది కాగితం. ఇంటికి నడుస్తూ మూడుసార్లు తీసి చూసుకున్నాను. సంతోషమే. పండగలాంటి సంతోషం కాదు, పన్ను పీకించుకున్నాక నాలుక మాటిమాటికీ ఆ సందులోకి పోతుందే, అలాంటిది. నానమ్మకు చదివి వినిపించాను. "ఇంతకీ ఇప్పుడు మనమెవలం?" అంది.

నాన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కాగితం లైటు కింద పట్టుకుని రెండువైపులా చూశారు. వెనకవైపు ఏమీ లేదు. బైబిల్ కవర్ జిప్పు తీసి, ఎస్సీ సర్టిఫికెట్ల పక్కనే పెట్టారు.

మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే తమ్ముడి ఫారం బల్ల మీద ఉంది. వాడికి గ్రూపుతో కొత్త సర్టిఫికెట్ కావాలి, కాలేజీలో అడుగుతున్నారట. నా చేతిరాత బాగుంటుందని ఇంట్లో ఫారాలన్నీ నేనే నింపుతాను. వాడి పేరు రాశాను. నాన్న పేరు, అడ్రస్, పుట్టిన తేదీ రాశాను. మతం దగ్గరికొచ్చాక పెన్ను నాన్నకు ఇచ్చాను. ఆయన తమ్ముడికి ఇచ్చారు. తమ్ముడు మా ఇద్దరి మొహాలూ చూసి, "అన్నం తిన్నాక రాస్త" అన్నాడు. అమ్మ పళ్లాలు పెట్టింది. నాన్న ఫారం మడిచి బైబిల్ కవర్లో పెట్టి జిప్పు వేశారు.